గుబురయ్య దగ్గు కషాయం

అనగనగా ఒక అడవి, అడవి నిండా దగ్గు. ఏనుగు దగ్గితే చెట్ల మీది కోతులు టపటపా రాలేవంటే చూసుకోండి.

ఆ అడవికి వైద్యుడు గుబురయ్య అనే ఎలుగుబంటి. దగ్గుకి కొత్త కషాయం కాచాడు. ముందు ఎవరికైనా తాగించి చూడాలి. అందుకు అడవి పెద్దలు పెట్టిన రూల్స్ మూడు. ముందుగా అడగాలి. ఆకు మీద కాలిముద్ర వేయించుకోవాలి. తాగేవాళ్లు ఆపమంటే ఆపెయ్యాలి.

గుబురయ్య వెళ్లి కందమ్మ అనే ముళ్లపందిని అడిగాడు.

"మా బుజ్జిదాని జ్వరం తగ్గించిన చేతులు మీవి. మీ మాట కాదంటానా బాబుగారూ?" అంటూ కందమ్మ ముద్ర వేసేసింది. కాదనలేక వేసిన ముద్ర అది. గుబురయ్యకి తెలుసు. తెలిసీ ఆకు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

మొదటిరోజు కందమ్మకి నాలుగు ముళ్లు రాలాయి. రెండోరోజు నలభై.

"చలికాలం కదా, రాలుతుంటాయిలెండి," అంది కందమ్మ మొహమాటంగా.

గుబురయ్య ఆకు తీసి చూసుకున్నాడు. "ఆపమనలేదుగా. అంతా రూలు ప్రకారమే," అని ఇంకో గిన్నె పోశాడు. చూశారా ఈయనగారి తెలివి? నాకైతే ఒళ్లు మండిపోతుంది.

మూడోరోజుకి కందమ్మ తొక్క తీసిన చిలగడదుంపలా అయింది. చిరుతపులి వెంటపడింది. కందమ్మ పరుగున వచ్చి గుబురయ్య గుహలో దూరింది.

"ముళ్లున్నవాళ్ల జోలికి పోకూడదని రూలుంది," అన్నాడు గుబురయ్య, గుమ్మంలో నిలబడి.

"ఉంది. ఈవిడకి ముళ్లేవి మరి? నేనూ రూలు ప్రకారమే వచ్చాను," అంది చిరుత తీరిగ్గా.

గుబురయ్యకి ఆ మాట సూటిగా తగిలింది. అచ్చం తన మాటలే అవి. సిగ్గుతో తల వంచుకున్నాడు. ఆ వంచిన తలతోనే వెళ్లి చిరుతని ఒక్క గుద్దు గుద్దాడు. తన ముక్కు చీరుకుపోయింది గానీ, చిరుత పారిపోయింది.

"నీ ముళ్లు రాలుతుంటే చూస్తూ ఊరుకున్నాను. తప్పు నాదే కందమ్మా," అన్నాడు. ముళ్లు మొలిచేదాకా తల్లినీ పిల్లనీ తన గుహలోనే ఉంచుకున్నాడు.

ఈసారి కాచిన కషాయం తనే తాగాడు. మూడోరోజుకి ఒంటిమీద వెంట్రుక మిగల్లేదు. గజగజ వణుకుతున్నాడు. అయినా తను కాచిన మందు తనే వద్దనడానికి మొహమాటం.

కందమ్మ గిన్నె పక్కకి జరిపింది. "బాబుగారూ, ఇంక ఆపేద్దామా?"

"ఎవరైనా ఆ మాట అడుగుతారేమోనని పొద్దున్నుంచీ చూస్తున్నాను," అన్నాడు గుబురయ్య.

నీతి: రూలు తప్పకపోతే సరిపోదు. ఎదుటివాళ్లు నోరు తెరిచి చెప్పకముందే వాళ్ల బాధ కనిపెట్టాలి.