ఉత్తరపు గోడ, పానకాలు తమలపాకు తీగ

అనగనగా, ఊఁ కొట్టాలి మరి బంగారం, ఊఁ కొట్టకపోతే కథ గోడెక్కి కూర్చుంటుంది... అనగనగా ఒక ఊళ్ళో పానకాలు అని ఒకాయన ఉండేవాడు.

ఆయనకి ఒక గొప్ప గుణం ఉంది. ఏ పనికీ ఇంకొకరిని ఇబ్బంది పెట్టేవాడు కాదు. తాపీపని, వడ్రంగం, పంటి వైద్యం, అన్నీ తనంతట తనే నేర్చుకున్నాడు. గురువంటూ లేడు కాబట్టి తప్పు చెప్పేవాడూ లేడు. ఆయన చేసిన కుర్చీలో కూర్చున్నవాళ్ళు లేచేటప్పుడు మాత్రం కాస్త ఇబ్బంది పడేవాళ్ళు.

ఆయనకి ఇంకో గుణం కూడా ఉంది. ఇంటికొచ్చిన వాళ్ళని తమలపాకు చేతిలో పెట్టకుండా పంపేవాడు కాదు. అందుకోసం ఉత్తరపు గోడ వారగా, నీడపట్టున, ఒక తీగ నాటాడు. దాని మొదట్లో మట్టి ఎత్తుగా పోసి, పొద్దునా సాయంత్రం కడవలతో నీళ్ళు పోసేవాడు. ఆకుతోటలోకి ఆడవాళ్ళు పోకూడదని ఆ వైపు పెద్దలు అనేవాళ్ళు. తోట లేకపోయినా పానకాలు ఆ నియమాన్ని తన ఒక్క తీగకీ పెట్టాడు. ఆయన తప్ప ఎవరూ ఆ తీగని ముట్టకూడదు.

ఆయన భార్య శేషారత్నం. వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు హైమ. హైమకి పెళ్ళయింది, కడుపు పండింది. తొలి కాన్పు పుట్టింట్లోనే కదమ్మా జరగాలి! అందుకని ఉత్తరపు గదిని పురిటిగదిగా సిద్ధం చేశారు.

అప్పుడు హైమ అత్తగారు భ్రమరాంబ గది చూడ్డానికి వచ్చింది. వచ్చి గోడ మీద చెయ్యి వేసింది. చెయ్యి తీస్తే అరచేతి నిండా తడి, తడితోపాటు సున్నం పెచ్చులు.

"అన్నయ్యగారూ, గోడ నెమ్మెక్కి ఉంది. ఈ చెమ్మలో పసిగుడ్డుని పడుకోబెడితే దగ్గు పట్టుకుంటుంది. వేసవి దాటేలోపల ఆరితే కబురు చెయ్యండి, పిల్లని పంపిస్తాను. ఆరకపోతే పురుడు మా ఇంట్లోనే," అని చెప్పి బండెక్కింది.

శేషారత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. తొలిచూలు కూతురికి తన చేత్తో పురిటి మందు, ఆ కాయం, పెట్టలేకపోతే ఇంక తల్లెందుకు? పానకాలు మాత్రం మీసం దువ్వాడు. "గోడే కదా! నేను లేనూ?" అన్నాడు.

అప్పుడు మొదటిసారి ఆ తడి మీదే సున్నం కొట్టాడు. గోడ తెల్లగా మెరిసింది. వారం తిరక్కుండా పెచ్చులు పెచ్చులుగా రాలింది.

ఆ తర్వాత రెండోసారి సిమెంటు మెత్తాడు. నడుం దాకా రాయిలా బిగిసింది. అప్పుడు లోపలి చెమ్మ ఏం చేసింది? బయటికి దారి లేక, సిమెంటు దాటుకుని భుజం ఎత్తుకి ఎక్కి కూర్చుంది.

ఆ తర్వాత మూడోసారి పట్నం నుంచి ఆయిల్ పెయింట్ తెచ్చి పూశాడు. గోడలో ముఖం కనిపించింది. నాలుగు రోజులకి ఆ ముఖం మీద బొబ్బలు లేచాయి. రంగు పూరీలా పొంగింది. వేలితో పొడిస్తే లోపలినుంచి నీళ్ళు!

అయినా తప్పు తనదని పానకాలుకి తోచలేదు. పక్కింటి బుల్లెమ్మ మీదికి వెళ్ళాడు. "నీ జలదారి నీళ్ళే మా గోడలోకి వస్తున్నాయి!" అన్నాడు.

బుల్లెమ్మ అంట్లు తోముతూ తల కూడా ఎత్తలేదు. "మా దొడ్డి పల్లంలో ఉంది, మీ ఇల్లు మెరక మీద ఉంది. నా నీళ్ళు మీ గోడెక్కాలంటే వాటికి కాళ్ళుండాలి బాబాయ్!" అంది.

అప్పుడు పానకాలు మేనల్లుడి పెళ్ళి వచ్చింది. ఆకుల బుట్ట నెత్తిన పెట్టుకుని ఆయన ఊరెళ్ళాడు. శేషారత్నం ఒక్కతే గోడ ముందు కూర్చుంది. ఊరికే ఏడిస్తే ఏం లాభమని పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తెచ్చి, తడి ఎంత వరకు ఉందో అంత వరకూ అంచు వెంబడి గీత గీసింది. ఇంక ఎక్కుతుందో దిగుతుందో కళ్ళతో చూద్దామనుకుంది.

పానకాలు తిరిగొచ్చేసరికి తడి గీతకి నాలుగు వేళ్ళు కిందికి దిగి ఉంది.

"చూశావా! నా రంగు ఇప్పటికి పనిచేసింది!" అని ఆయన చంకలు గుద్దుకున్నాడు. ఆ సంతోషంలో తీగకి ఇంకో రెండు కడవలు ఎక్కువ పోశాడు. కొన్నాళ్ళకి తడి గీత దాటి పైకి పోయింది.

శేషారత్నం గోడని చూసింది, మొగుణ్ణి చూసింది. "ఏమయ్యా, మీ అక్కయ్య నిన్ను చూడాలంటోందిట, ఓసారి వెళ్ళిరారాదూ?" అంది. ఆయన వెళ్ళాడు. తడి దిగింది. ఆయన వచ్చాడు. తడి ఎక్కింది.

"ఈ గోడకి నువ్వంటే పడదయ్యా," అంది శేషారత్నం. "నువ్వు ఊళ్ళో లేకపోతే ఆరుతోంది. నువ్వుంటే నానుతోంది. ఏం చేస్తున్నావు దాన్ని?"

పానకాలు నవ్వబోయి ఆగిపోయాడు. గోడకి ఇవతల, తడి బాగా ఉన్నచోట చెయ్యి పెట్టాడు. అక్కణ్ణుంచి ఎన్ని అడుగులో లెక్కపెట్టుకుంటూ బయటికి నడిచి, ఇల్లు చుట్టి, అవతల అదే చోటికి వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా పచ్చగా, నిగనిగలాడుతూ తన తీగ! దాని మొదట్లో మట్టి గోడకి ఆనుకుని మోకాలెత్తు ఉంది. పొద్దున పోసిన నీళ్ళు ఇంకా ఇంకుతూనే ఉన్నాయి.

పానకాలు అక్కడే చతికిలబడ్డాడు. తాను ఇన్నాళ్ళూ పెంచింది తీగనా, చెమ్మనా?

తీగ ఉండాలా, కూతురు రావాలా? ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదులే. లేచి పలుగు తెచ్చాడు. తీగని వేళ్ళతో సహా పెళ్ళగించాడు. కానీ నాటేది ఎక్కడ? దానికి నీడ కావాలి, ఎప్పుడూ తడి కావాలి, దగ్గర్లో గోడ మాత్రం ఉండకూడదు. అలాంటి చోటు ఒకటే ఉంది.

అప్పుడు పానకాలు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇంకొకరి గుమ్మం ముందు నిలబడి అడిగాడు. "బుల్లెమ్మా, మీ జలదారి దగ్గర దీనికి కాస్త చోటిస్తావా?"

"నా నీళ్ళకి కాళ్ళు లేవని మీ తీగే నడిచొచ్చిందా బాబాయ్!" అని బుల్లెమ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూనే గుంట తీసింది. "నేను ఆడదాన్ని, ముట్టుకోవచ్చా మరి?" అంది. పానకాలు తలొంచుకుని, "నువ్వే పెంచు తల్లీ," అన్నాడు.

ఆ తర్వాత అసలు పని మొదలైంది. గోడకి ఆనుకున్న మట్టంతా లాగేశాడు. వాన పడినా నీళ్ళు గోడ దగ్గర నిలవకుండా దూరంగా పోయేట్టు వాలు చేశాడు. లోపల తను పూసిన రంగు తనే గీకాడు. తను మెత్తిన సిమెంటు తనే కొట్టాడు. తను వేసిన సున్నం తనే రాల్చాడు. ఆయన ప్రతిభంతా తట్టల్లో దిబ్బకి పోయింది. ఇటుకల మీద తెల్లగా ఉప్పు పూసి ఉంటే, నీళ్ళతో కడక్కుండా పొడి చీపురుతో దులిపి ఎత్తిపోశారు.

ఇంక గోడ ఆరాలి. కిటికీలు తెరిచి ఊరుకోవాలి. ఊరుకోవడం పానకాలుకి చేతకాదే! రోజూ ఒక వైపైనా రంగేద్దామని లేచేవాడు. అందుకని శేషారత్నం కుంచెని మినప్పప్పు డబ్బాలో దాచింది. ఆయన ఇల్లంతా వెతికాడు గానీ వంటింట్లో చెయ్యి పెట్టే అలవాటు లేదుగా, దొరకలేదు.

ఎండలు మండాయి. శేషారత్నం ఇటుకల మీద మళ్ళీ గీసుకున్న బొగ్గు గీతకి తడి జానెడు దిగింది, మూరెడు దిగింది, నేలలోకి దిగి మాయమైంది. అప్పుడు శేషారత్నం డబ్బా మూత తీసింది. సున్నపు గచ్చు మెత్తి, అది ఆరాక, తుమ్మబంక కలిపిన సున్నం పలచగా మూడు పూతలు వేశారు.

భ్రమరాంబ కబురందుకుని వచ్చింది. గోడ మీద చెయ్యి వేసింది. పొడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది. బూజు వాసన లేదు. అప్పటికీ నమ్మకం కుదరక, కట్టుకున్న పట్టుచీరతో గోడకి వీపు ఆనించి, మంచినీళ్ళు తాగి, ఊరి కబుర్లన్నీ అయ్యేదాకా కూర్చుంది. గుమ్మం దగ్గర శేషారత్నం ఊపిరి బిగబట్టింది.

భ్రమరాంబ లేచింది. వీపు మీద కాస్త సున్నం అంటింది గానీ చుక్క తడి అంటలేదు!

"సున్నం మీ గోడే ఇచ్చింది, మరి ఆకేదీ అన్నయ్యగారూ?" అంది నవ్వుతూ.

అప్పుడు వెనక గుమ్మంలోంచి బుల్లెమ్మ వచ్చింది. ఆమె పళ్ళెంలో, కొత్తచోట చిగిర్చిన తీగ నుంచి కోసిన మొదటి ఆకులు, అరచెయ్యంత ఒక్కోటి! పానకాలు పళ్ళెం అందుకుని భ్రమరాంబ చేతిలో ఆకు పెట్టాడు. శేషారత్నం మాత్రం, "వదినగారూ, పిల్లని ఎప్పుడు పంపుతారు?" అని అడిగేసింది.

"బండి కట్టించండి వదినా, రేపే!"

హైమ వచ్చింది. ఆ గదిలోనే పండులాంటి బిడ్డని కంది. వాడు దగ్గలేదు సరికదా, కేరుమంటే పక్కవీధి లేచి కూర్చుంది. బారసాలకి ఊరంతటికీ బుల్లెమ్మ పెంచిన ఆకే పంచారు. పానకాలు ఒక్కొక్కరికీ ఆకిస్తూ, తన తప్పుని తనే కథలా చెప్పాడు.

అయితే పానకాలు అన్నీ నేర్చుకున్నాడా అంటే, లేదమ్మా. గోడ తడిస్తే ముందు నీళ్ళెక్కడివో చూడాలని నేర్చుకున్నాడు. పక్కింటి గుమ్మం ఎక్కడం నేర్చుకున్నాడు. ఊరుకోవడం మాత్రం ఇప్పటికీ నేర్చుకోలేదు. అందుకే ఆ ఇంట్లో కుంచె ఇప్పటికీ మినప్పప్పు డబ్బాలోనే ఉంటుంది.

కథ కంచికి చేరింది,
గోడ ఎండకి ఆరింది,
తీగ పందిరి పాకింది,
కన్ను నిద్దరకి జారింది.