కాలకేతు అడ్డు తొలగిన విధం

ఆ ఆదివారం మధ్యాహ్నం భూపాలయ్య మహారాజుకి పట్టుదల వచ్చింది. పొద్దుగూకేలోగా కాలకేతు కూలి తీరాలి, లేకపోతే కొలువులో బిరుదులన్నీ ఊడబెరికేస్తానని మైకులో ప్రకటించాడు.

ఏ కాలపు రాజు, ఏ దేశపు రాజు అని వెతకనక్కర్లేదు. ఈయనకి తాడేపల్లిగూడెంలో ఫ్యాన్ల కొట్టుంది. అంతరిక్షంలో ఓడలు నడిపి యుద్ధాలు చేసే ఆన్‌లైన్ ఆటలో కొందరిని కూడగట్టి ఓ సంస్థానం పెట్టాడు. ఎవరింట్లో వాళ్లు కూర్చునే కొలువు తీరతారు. నోరు తెరిస్తే "ప్రభూ" అనాలి, అంతే.

ఆటలో మెట్లన్నీ ఎక్కేశాక చిట్టచివర మిగిలేవాడు కాలకేతు. కొండంత శత్రునౌక. ఆ సాయంత్రం దాటితే ఆట నడిపే కంపెనీవాళ్లు వాణ్ణి తీసేస్తారు. కూల్చినవాళ్ల పేర్లు మాత్రం విజేతల పలక మీద ఉండిపోతాయి. ఏడాదిగా సంస్థానమంతా ఆ పలక కోసమే పాటుపడుతోంది. ఎంత కాల్చినా వాడికి దోమ కుట్టినట్టయినా లేదు.

సేనాపతి నరహరికి ఒకటే మందు తెలుసు. పెద్ద ఫిరంగి. అది చాలకపోతే ఇంకా పెద్దది. ఆయన మాట విని అందరూ పెద్దవి బిగించుకున్నారు. కాలకేతు మాత్రం చెక్కు చెదరలేదు.

ఎందుకో కనకానికి తెలుసు. పూర్తి పేరు కనకమహాలక్ష్మి, గాజువాకలో పళ్ల డాక్టరు, కొలువులో విదూషకి.

గొట్టంతో నీళ్లు చిమ్మడం చూశారు కదా. దగ్గర నిలబడితే గోడకంటిన మట్టి కూడా ఊడుతుంది. వీధి చివర నుంచి చిమ్మితే తుంపర పడుతుంది. ఈ ఆటలో ఫిరంగి కూడా అంతే, దూరం పెరిగేకొద్దీ దెబ్బలో పస పోతుంది. గొట్టం ఎంత లావుదైతేనేం?

మరి దగ్గరికి పోవచ్చు కదా అంటారా? పోకూడదు. రాజుగారి ఓడకి ముందు ఇంకెవరి ఓడా ఉండరాదని నరహరి ఓ మర్యాద పెట్టాడు. రాజుగారు మురిసిపోయి అదే శాసనం చేశారు. ఆ రాజుగారేమో హుందాతనం కోసమని బహుదూరంలో నిలబడతారు. ఆయన వెనక మిగతావాళ్లు, ఇంకా దూరంలో.

ఈ మాట ఉన్నదున్నట్టు చెబితే రాజు పిరికివాడన్నట్టవుతుంది. అందుకని కనకం చుట్టు తిప్పి చెప్పింది.

"ప్రభూ, వీధిలో నిలబడి పన్ను పీకమంటే నావల్ల కాదండీ. కాస్త కుర్చీ దగ్గరికి రావాలి."

కొలువంతా కిసుక్కుమంది. నరహరికి మండింది. ప్రభువు నిలబడ్డ చోటునే వెక్కిరించే మనిషి ఈ యుద్ధంలో ఉండటానికి వీల్లేదన్నాడు. కనకం వెనక్కి తగ్గకుండా, సేనాపతి గారి ఫిరంగి మహా గొప్పది, దాని చప్పుడు కూడా శత్రువు దాకా చేరట్లేదని ఇంకో చురక వేసింది. దాంతో ఆయన పట్టుబట్టాడు, రాజు తలవంచాడు.

"కనకమ్మా, నువ్విక సెలవు తీసుకో."

యుద్ధరంగం దాటి వెళ్లిపోతే పలక మీద ఆమె పేరుండదు. ఆ సంగతి తెలిసే కనకం నిమ్మళంగా సరేనంది. ఒక్క మనవి మాత్రం చేసుకుంది. కొలువు నుంచి సెలవు తీసుకునేవాళ్లు రాజుకి వీపు చూపకూడదు, ముఖం చూస్తూ వెనకడుగులు వేస్తూ వెళ్లాలి కదా, తననీ అలాగే పోనివ్వమంది. ఇంత భక్తికి రాజు మెత్తబడి సరేనన్నాడు.

ఆ రంగంలోంచి బయటికి పోయే ద్వారం ఉన్నది కాలకేతు వెనక.

కనకం ఓడ రాజుగారి ముందుకొచ్చి, ఆయనకి ఎదురుగా తిరిగి, మెల్లగా వెనక్కి జరిగింది. జరిగి జరిగి కాలకేతు పక్క నుంచి ఒరుసుకుంటూ వాడి వెనక్కి చేరింది. అప్పటికీ దాని ముఖం రాజు వైపే ఉంది. మధ్యలో ఉన్నది కాలకేతు వీపు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర.

అక్కడ ఆగి ఫిరంగి పేల్చింది. కాలకేతు వీపున పెచ్చు లేచిపోయింది. ఏడాదిగా ఎవరూ చూడని దెబ్బ.

నరహరి గగ్గోలు పెట్టాడు. రాజుగారి కన్నా ముందుకెళ్లింది, పైగా రాజుగారి వైపే ఫిరంగి ఎక్కుపెట్టింది, ఇది ద్రోహమన్నాడు. రాజు గొంతు కూడా గట్టిపడింది. ఏమిటమ్మా ఇదని అడిగాడు.

"ముందుకెక్కడ వచ్చాను ప్రభూ, తమ ముఖం చూస్తూ వెనక్కే పోతున్నాను. వీడు మధ్యలో అడ్డంగా నిలబడ్డాడు. ప్రభువుల దర్శనానికి అడ్డొచ్చినవాణ్ణి ఊరికే వదిలి పొమ్మంటారా?"

ముందుగా రాజుగారే నవ్వారు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా వినబడింది. నవ్వు ఆగాక ఆజ్ఞ ఇచ్చారు.

"అందరికీ సెలవిచ్చాం. మర్యాదగా దయచేయండి."

ఒక్కో ఓడా దండం పెడుతున్నట్టు ముక్కు వంచి, వెనక్కి జరిగి, కాలకేతు వీపు దగ్గరికి చేరింది. అందరికీ రాజదర్శనం కావలసొచ్చింది. అందరికీ వాడే అడ్డొచ్చాడు. నరహరి ఒక్కడే కదలకుండా ఉండిపోతే రాజుగారు మెల్లగా అడిగారు.

"ఏం సేనాపతీ, మీకు మా ముఖం చూడాలని లేదా?"

ఆయనా జరగక తప్పలేదు. చీకటి పడకముందే కాలకేతు కూలాడు. పలక మీద మొదటి పేరు కనకానిది. కొల్లసొమ్ములో ముందు ఏరుకునే హక్కు కూడా రాజు ఆమెకే ఇచ్చాడు. తనకో నీలిరంగు కవచం తీసుకుని, కుప్పలో అన్నిటికన్నా పొడుగాటి ఫిరంగిని సేనాపతి గారికి ఇప్పించమంది.

"ఈసారి అలవాటున్న చోట నిలబడ్డా తగులుతుందండీ."

నరహరికి కూడా నవ్వొచ్చింది.