డప్పు కొడితేనే రేపు

ఆ రాజ్యంలో రేపు రావాలంటే డప్పు కొట్టాలి.

మొదట్నుంచీ అలా లేదు. మొదట్లో రేపంటే ఏముంది, పడుకుని లేస్తే రేపే. కోళ్ళకి తెలుసు, గేదెలకి తెలుసు, ఎవరూ ఎవర్నీ అడిగేవారు కాదు. ఇప్పటి రాజుగారి తాతకి ఇది నచ్చలేదు. అంత పెద్ద వస్తువు రోజూ తన రాజ్యంలోకి తనని అడక్కుండా వచ్చేస్తోందని ఆయనకి కష్టమేసింది. దండోరా వేసేవాణ్ణి పిలిపించి, ఇకమీదట రోజూ పొద్దున్నే కోట ముందు డప్పు కొట్టి, “రాజుగారి దయవల్ల రేపు వచ్చిందహో!” అని చాటమన్నాడు.

జనం నవ్వారు. నవ్వి, అలవాటు పడ్డారు. డప్పుకి ముందే మెలకువ వచ్చినవాళ్ళు కళ్ళు మూసుకుని మళ్ళీ పడుకునేవారు. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదు గదా! తాత పోయాడు, తండ్రి పోయాడు, డప్పు మోగుతూనే ఉంది. రేపు కూడా పాపం రోజూ వస్తూనే ఉంది.

మనవడు రాజయ్యాక చిక్కొచ్చింది. పొరుగురాజు రాసిన ఉత్తరంలో ఈయన పేరుకి ముందు మూడు శ్రీలు ఉండాల్సింది, రెండే ఉన్నాయి. ఊరుకుంటే పరువు పోతుంది. రాజు నిండు కొలువులో మీసం దువ్వి, “రేపు దండెత్తుతున్నాం!” అనేశాడు. అనడానికేం, నోరు తనదే. అన్న మరుక్షణమే యుద్ధమంటే తనకి భయమని ఆయనకి గుర్తొచ్చింది. సింహాసనం మీంచి దిగి ఒక్క అడుగు వేశాడో లేదో, జనంలో ఎవరో ‘హాచ్’ మని తుమ్మారు.

తుమ్మినవాడు గవరయ్య. ఈతచాపలు అల్లుకుని బతికేవాడు. కొలువులో పరవడానికి కొత్త చాపలు తెచ్చాడు, వాటి దుమ్ము ముక్కులోకి పోయింది. అంతకు మించి అతనికి యుద్ధం మీద ఏ అభిప్రాయమూ లేదు.

“అపశకునం మహారాజా!” అన్నాడు మంత్రి.

రాజుకి ఆ తుమ్ము దేవుడు తుమ్మినట్టే అనిపించింది. లోపల ఎంత సంతోషమో! కానీ శిక్ష వెయ్యకపోతే బాగోదు కదా. “ఇవాళ్టికి వీణ్ణి కొట్లో పెట్టండి. రేపు వదిలెయ్యండి,” అన్నాడు.

ఇంత చిన్న శిక్షకి గవరయ్యే నవ్వాడు. బయట నిలబడ్డ పెళ్ళాం నూకాలుతో, “చేపల పులుసు అంతా తినెయ్యకే. రేపొచ్చి తింటా. మర్నాటికైతేనే దాని రుచి,” అని చెప్పి భటుల వెంట వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే దండోరా అతను డప్పు పట్టుకుని కోట ముందుకొచ్చాడు. కర్ర ఎత్తాడు. అప్పటికే లేచి కూర్చున్న రాజు కిటికీలోంచి తల బయటపెట్టి, “ఆగరా!” అన్నాడు.

“ఏం మహారాజా?”

“ఇవాళ రేపు కాదు.”

“మరేమిటండీ?”

“ఇవాళ ఇవాళే,” అని రాజు కిటికీ మూసేశాడు. రేపు వస్తే యుద్ధానికి వెళ్ళాలి. రేపే రాకపోతే ఎవడు వెళ్ళమంటాడు?

ఆ రోజు డప్పు మోగలేదు. ఆ తర్వాతి రోజూ మోగలేదు. ముసలమ్మ కోడీ కుంపటీ లేకపోతే ఊరు తెల్లారదనుకున్న కథ మనమంతా విని నవ్వుకున్నవాళ్ళమే. అక్కడ మాత్రం ఎవరూ నవ్వలేదు. పంచాంగం చెప్పే పంతులు ఆ పొద్దు ‘నవమి’ అన్నాడు. మర్నాడూ నవమే. నిండు చందమామ నెత్తిమీద నిలబడి వెలుగుతున్నా, “నవమి చంద్రుడు ఈసారి కొంచెం బొద్దుగా ఉన్నాడు,” అనేవాడు. ఏకాదశి రాదు కాబట్టి ఉపవాసాల బాధ లేదని చాలామంది లోలోపల సంతోషపడ్డారు కూడా. రాజుకి అప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళు. జుట్టు నెరిసింది, రెండు పళ్ళూడాయి, అయినా ముప్పై తొమ్మిదే. లెక్క ప్రకారం ఒక్క రోజు గడిస్తే కదా వయసు పెరగడానికి! నిజంగా ఎంత కాలమైందో మామిడిచెట్లకి తెలుసు. అవి పదకొండుసార్లు కాశాయి.

ఈ పదకొండు కాపుల్లో ‘రేపు’ అనే మాటకి పట్టిన గతి చెప్తే మీరు నమ్మరు. మొదటి ఏడాది అది ఆశగానే ఉంది. కోటకి వెళ్ళి ఏది అడిగినా “రేపు” అనేవారు, జనం దణ్ణం పెట్టి తిరిగొచ్చేవారు. మూడో ఏటికి అది మర్యాద అయింది. మొహమ్మీద లేదనడం మోటు, రేపనడం నాజూకు. అయిదో ఏటికి ఆ నాజూకు ఇళ్ళలోకి దూరింది. సంబంధం నచ్చకపోతే “రేపు చేసుకుంటామండీ” అని చెప్పేవారు, అవతలివాళ్ళు తాంబూలం పళ్ళెం తిరిగి పట్టుకెళ్ళేవారు. కడుపు నిండినవాడు “రేపు పెట్టండి” అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఎనిమిదో ఏడు వచ్చేసరికి ‘లేదు’ అనే మాటే వాడుకలోంచి పోయింది.

“పిల్లలెంతమందమ్మా?” అంటే, “రేపండీ,” అని కళ్ళొత్తుకునేది గొడ్రాలు.

“కోడిని దొంగిలించావా?” అని తీర్పరి అడిగితే, “అమ్మతోడు, రేపు దొంగిలించానండీ!” అని దొంగ లెంపలేసుకునేవాడు. తీర్పరి నమ్మి వదిలేసేవాడు.

ఇదంతా ఊరికి వినోదం. నూకాలుకి కాదు. ఆమె మొగుడు బయటికి రావడం ఆ మాట మీదే ఉంది.

రోజూ పొద్దున్నే చద్దన్నం మూట కట్టుకుని కొట్టు దగ్గరికి వెళ్ళేది. ఆడవాళ్ళు ప్రహరీ దాటి లోపలికి రాకూడదని కట్టడి. మూట కాపలావాడికిచ్చి, గోడ ఇవతల నిలబడి కేకేసేది.

“ఏవయ్యోయ్, ముట్టిందా?”

“ముట్టింది! పచ్చట్లో ఉప్పెక్కువైందే!”

“రేపు వచ్చి నువ్వే నూరుకో!”

మొదట్లో ఇద్దరూ నవ్వేవారు. పదకొండేళ్ళ కాపరం ఆ గోడకి అటూ ఇటూ నడిచింది. వచ్చే దారిలో దండోరా అతని గుమ్మం ముందు ఆగి, “అన్నా, వచ్చిందా?” అని అడిగేది. “ఇవాళ కాదు చెల్లెమ్మా,” అని అతను తల దించుకునేవాడు. అంతే ఆమె రోజు.

ఈమధ్య గోడ అవతలి గొంతు సన్నబడింది. మాటకి ముందో దగ్గు, వెనకో దగ్గు. ఒక పొద్దున నూకాలు ఎంత అరిచినా జవాబు రాలేదు. కాపలావాడు నిన్నటి మూట విప్పకుండా తెచ్చి చేతిలో పెట్టాడు.

“మూడ్రోజుల్నించి జ్వరమమ్మా. ముద్ద దిగట్లేదు.”

“వైద్యుణ్ణి పిలవలేదా నాయనా?”

“కోటకి కబురు పెట్టాను. రేపు పంపిస్తామన్నారు.”

అంటే రాడన్నమాట, అనుకుంది నూకాలు. మొగుడు చచ్చిపోతాడు. ఒక రోజు శిక్ష పడ్డవాడు ఆ ఒక్క రోజూ పూర్తవకుండానే చచ్చిపోతాడు. ఆమె మూట అక్కడే పడేసి, కొంగు బిగించి, దండోరా అతని ఇంటికి పరిగెత్తింది.

“అన్నా, డప్పు కొట్టు!”

“నా చేతిలో ఏముందమ్మా? అది రాజుగారి చెయ్యి.”

“చెయ్యి నీ భుజానికే కదయ్యా అతుక్కుని ఉంది!” అని ఆమె ఏడ్చేసింది. “నువ్వు కొట్టకపోబట్టే కదా ఆయన లోపలున్నాడు? పదకొండేళ్ళు నీ గుమ్మంలో నిలబడి అడిగాను. ఒక్కనాడు నీ మీద కోప్పడ్డానా? ఇవాళ అడుగుతున్నాను, కొడతావా, కొట్టవా?”

 అతను లేచి, గోడకి వేలాడుతున్న డప్పు దించి బూజు దులిపాడు. తోలు వదులైపోయి ఉంది. గుప్పెడు ఎండుగడ్డి ముట్టించి, ఆ మంట దగ్గర డప్పుని తిప్పుతూ కాచాడు.  తోలు బిగిశాక నాలుగు వీధుల కూడలిలోకి నడిచి, తాతలనాటి దరువు వేసి, గుండెలవిసేలా అరిచాడు.

“రేపు వచ్చిందహో!”

ఊరంతా బయటికొచ్చింది.  జనం విన్నారు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

“రేపు వచ్చిందంటాడేమిటి?”

“రేపంటే లేదని కదా. లేదు, వచ్చింది. అంటే, రాలేదు.”

“ఏం రాలేదు?”

“ఏదీ రాలేదట.”

“ఏదీ రాలేదని చెప్పడానికి డప్పెందుకయ్యా, చోద్యం కాకపోతే! అది మాకు తెలీదూ?” అని తలో మాటా అనుకుని ఎవరి గుమ్మంలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

దండోరా అతను మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అరిచాడు. ఎంత గట్టిగా అరిస్తే అంత గట్టిగా రాలేదన్నట్టు వినిపించింది వాళ్ళకి.

కోటలో రాజు ఆ దరువు వినగానే మంచం కిందకి దూరాడు. మంత్రి వంగి చూసి, “భయం లేదు మహారాజా! ఏమీ రాలేదని చాటుతున్నాడు,” అన్నాడు. రాజు బయటికొచ్చి ఊపిరి పీల్చుకుని, అంత మంచి వార్త చాటినవాడికి శాలువా పంపించాడు. భటులు నడివీధిలో దండోరా అతనికి ఆ శాలువా కప్పారు. అతను దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నూకాలు అప్పటికే అక్కడ లేదు. కొట్టు వైపు నడుస్తోంది. ఆమెకి ఇప్పుడు ఏడుపు రావడం లేదు, ఒళ్ళు మండిపోతోంది. రాజు మీద, డప్పు మీద, ఆ రెండక్షరాల ముదనష్టపు మాట మీద.

ప్రహరీ దగ్గర కాపలావాడు లేచి నిలబడ్డాడు. “రేపు వచ్చిందటగా,” అని నవ్వబోయి ఆమె కళ్ళు చూసి ఆపేశాడు.

“తప్పుకో. లోపలికెళ్ళాలి.”

“రేపు వెళ్ళొచ్చమ్మా,” అన్నాడు ఎంతో మర్యాదగా.

ఆమె రెండు చేతులతో అతన్ని పక్కకి నెట్టేసి లోపలికి నడిచింది. కాపలావాడు నిర్ఘాంతపోయాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతన్ని ఎవరూ నెట్టలేదు. నెడితే ఏం చెయ్యాలో కోటవారు చెప్పలేదు. చెప్పని పని చెయ్యడం తప్పు కాబట్టి, తాటాకూ గంటమూ తీసి, “నెట్టినచో ఏమి చేయవలెను?” అని కోటకి రాయడానికి అక్కడే కూర్చున్నాడు.

నూకాలు కొట్టు తలుపు ముందుకి వచ్చింది. పిడికిలి బిగించి, విరగ్గొట్టే కోపంతో తలుపు మీద ఒక్క గుద్దు గుద్దింది.

తలుపు తెరుచుకుంది.

గడియ లేదు. తాళం లేదు. అవి ఉండాల్సిన చోట రెండు తుప్పు మచ్చలున్నాయి. లోపల, చాప మీద ముడుచుకుని, తెల్లటి జుట్టు మనిషొకడు ఆమెను చూసి లేవబోయి దగ్గాడు. మనిషిని పోల్చుకోడానికి ఆమెకి ఆ దగ్గే సాయపడింది.

“తాళమేదయ్యా?” అంది. ముందు ఆ మాటే వచ్చింది నోటికి.

“అదా,” అన్నాడు గవరయ్య నీరసంగా. “రెండో ఏట తుప్పు పట్టి ఊడిపోయిందే. కొత్తది కావాలని కాపలాదారు కోటకి రాశాడు. రేపు పంపిస్తామన్నారు.”

“మరి అప్పట్నుంచీ?”

“అప్పట్నుంచీ ఇంతే. పొద్దున్నే గాలికి దానంతటదే తెరుచుకుంటుంది. పైన తువ్వాలు ఆరేసుకుంటున్నా.”

“తెరిచిన తలుపు ముందు తొమ్మిదేళ్ళు కూర్చున్నావా? గోడ మీంచి ఉప్పెక్కువైందని అరిచావే, ఈ మాట అరవలేకపోయావా?”

“రేపు వదలమన్నారు కదే,” అన్నాడతను, తప్పు చేసినవాడిలా. “రేపు రాకుండా ఎలా వస్తాను?”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది!” అంది నూకాలు. అని, ఇంక ఆపుకోలేక గుమ్మంలో కూలబడి గట్టిగా ఏడ్చింది. తిట్టడానికి నోరు తెరిస్తే ఏడుపే వచ్చింది. తనేం తక్కువ తిన్నది? గాలికి తెరుచుకునే తలుపుకి గోడ ఇవతలనుంచి తొమ్మిదేళ్ళు అన్నం మోసింది. ఒక్కనాడు నెట్టి చూసిందా?

ఏడుపు తగ్గాక కొంగుతో మొహం తుడుచుకుంది. గవరయ్య ఆమె వైపే భయం భయంగా చూస్తున్నాడు.

“ఇందాక డప్పు వినిపించింది,” అన్నాడు. “నిజంగా వచ్చిందా?”

వచ్చిందని చెప్తే ఆయన నమ్ముతాడు. నమ్మి ఆనందంగా లేస్తాడు కూడా. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆమెకి ఆ మాటతో ఇంక పని పెట్టుకోబుద్ధి కాలేదు. లేచి, గడపకి బయట నిలబడి, లోపలికి చెయ్యి చాపింది.

“అది రాలేదయ్యా,” అంది. “నువ్వు రా.”

 గవరయ్య గోడ పట్టుకుని మెల్లగా లేచి, తలుపు మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.