తొమ్మిదో గ్రీనూ, సన్యాసమ్మ తెలివీ

దేవుడు తెలివి పంచిన రోజున బస్తా మొత్తం తమ గుమ్మంలోనే దింపేసి వెళ్ళాడని సన్యాసమ్మ నమ్మకం. మొగుడు అప్పన్న, మరిది గవర్రాజు కూడా అదే నమ్మారు. వాళ్ళకి ఆ సంగతి చెప్పింది సన్యాసమ్మే.

ముగ్గురికీ ఊరవతల గోల్ఫ్ క్లబ్బులో గడ్డి పని దొరికింది. సెక్రటరీ చక్రపాణి వాళ్ళని తొమ్మిదో గుంట దగ్గరికి తీసుకెళ్ళాడు.

"గుంట చుట్టూ తివాచీలా ఉందే, అది గ్రీన్. పక్కన ఏపుగా పెంచింది రఫ్. ఆదివారం పెద్ద పోటీ. అందాకా గ్రీన్ పచ్చగా ఉంటే మీకో ఇల్లిస్తాం. లేదా, మూటా ముల్లే సర్దుకోవడమే."

ఇల్లనగానే సన్యాసమ్మ ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడున్న పాకలో పడుకుంటే కాళ్ళు వీధిలోకొస్తాయి.

"ఎండలు మండిపోతున్నాయి. గ్రీన్‌కి రెండు పూటలా నీళ్ళు చూపించండి. రఫ్‌ని దాని మానాన వదిలెయ్యండి," అనేసి ఆయన వెళ్ళిపోయాడు.

ఇంకేముంది! బిందె నిండా నీళ్ళు తెచ్చారు.

"చూశావా తల్లీ, నీళ్ళు," అంది సన్యాసమ్మ గ్రీన్‌తో.

"ఆ చివర గడ్డికి కనబడదేమో వదినా," అన్నాడు గవర్రాజు.

అంతే, బిందె నెత్తిన పెట్టుకుని గ్రీన్ చుట్టూ తిరిగి, చుక్క ఒలక్కుండా వెనక్కి తెచ్చేశారు.

తర్వాత రఫ్‌ని వదలాలి. అప్పన్న గేటు బార్లా తీసి, "పో అమ్మా, నీ మానాన నువ్వు పో," అన్నాడు. రఫ్ కదల్లేదు. గేదెలు మాత్రం లోపలికొచ్చాయి. సాయంత్రానికి రఫ్ లేదు.

"ఎలా వెళ్ళిందే?" అన్నాడు అప్పన్న.

"నడవలేక గేదెల కడుపులో ఎక్కి వెళ్ళింది. ఎంత తెలివో చూడు!"

మూడో రోజుకి గ్రీన్ పసుపు రంగుకి తిరిగింది. సెక్రటరీ జుట్టు పీక్కున్నాడు. "చూపించడమేమిటమ్మా! తాగించాలి!"

అంతే, ఉగ్గుగిన్నె తెచ్చి పరకకో గుక్క పట్టారు. జానెడు మేర అయ్యేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

"దీనికి తేన్పు వచ్చిందా?"

"రాలేదొదినా."

"అయితే వీపు నిమురు."

శుక్రవారం తుపాను వచ్చింది. సెక్రటరీ ఫోనులో అరిచాడు. "గ్రీన్ మీద నీళ్ళు నిలబడకూడదు! నిలబడితే గడ్డి కుళ్ళిపోతుంది!"

గొడుగేసుకుని పరిగెత్తారు. గ్రీన్ చెరువైపోయింది.

"నిలబడ్డాయా?" అంది సన్యాసమ్మ.

అప్పన్న వంగి చూశాడు. "లేదే. వెల్లకిలా పడుకున్నాయి."

"హమ్మయ్య. లేపకండి."

ముగ్గురూ మునివేళ్ళ మీద వెనక్కొచ్చారు. బెకబెకమన్న కప్పని గవర్రాజు కోప్పడ్డాడు.

శనివారం వాన వెలిసింది. సెక్రటరీ వచ్చి, చూసి, బురదలోనే కూలబడ్డాడు. మనుషుల్ని పెట్టి నీళ్ళు తోడించాడు. గడ్డికి ఇంకా కొనఊపిరుంది. సన్యాసమ్మకి దణ్ణం పెట్టాడు.

"ఈ ఒక్కరోజు తల్లీ! మళ్ళీ ఎండొస్తుందో, వానొస్తుందో. కన్నబిడ్డలా చూసుకో. ఇల్లు నీదే."

కన్నబిడ్డని ఎవరైనా ఎండావానల్లో బయట పడేస్తారా? ఇంత చదువుకున్నాయనకి ఆ మాత్రం తెలియలేదే అని సన్యాసమ్మ జాలిపడింది. వెంటనే పార తెమ్మంది. గడ్డిని మట్టితో సహా కోసి, చాపల్లా చుట్టి, పాకలోకి చేర్చారు. దుప్పటి కప్పి దిష్టిచుక్క పెట్టారు. గవర్రాజు జోకొట్టాడు.

ఆదివారం పెద్దమనుషులు తెల్లబూట్లేసుకుని, కర్రలు పట్టుకుని వచ్చారు. తొమ్మిదో గుంట దగ్గర బురద. బురదలో జెండా.

"గ్రీనేదీ?" అన్నాడు సెక్రటరీ పీలగొంతుతో.

"ష్! ఇప్పుడే కళ్ళు మూసింది. చూడాలంటే పాకలోకి రమ్మనండి. ఒక్కొక్కరే, బూట్లు విప్పి," అంది సన్యాసమ్మ.

సెక్రటరీ వేలు గేటు వైపు చాపి, "ఇంటికి పొండి! ముగ్గురూ ఇంటికి పొండి!" అని కేకేశాడు.

సన్యాసమ్మకి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ఇచ్చేశాడు! ఆ వేలు చూపిన వైపు చూసింది. గేటవతల ఉన్నది ఒకటే ఇల్లు, రెండంతస్తులది. సెక్రటరీ గారిదే. తలుపు దగ్గరగా వేసి ఇంటిల్లిపాదీ పోటీ చూడ్డానికొచ్చారు.

ఇంకేముంది! పొయ్యి, బిందె, గ్రీన్, అన్నీ మోసేశారు.

పొద్దువాలాక సెక్రటరీ ఇల్లు చేరేసరికి ఆయన పట్టెమంచం మీద గ్రీన్ దుప్పటి కప్పుకుని ఉంది. సన్యాసమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "మీరా బాబూ! రండి. వసారాలో చాపేస్తాను, సర్దుకు పడుకోండి. బిడ్డకే చోటు చాలట్లేదు," అంది.