రాగి గుర్రం నమ్మిన మాట

ఏటి అవతల ఇప్పవనం అనే అడవి ఉండేది. అందులో దుప్పులు, కుందేళ్లు, నెమళ్లు, అడవిపందులు బతికేవి. రాగి అనే గుర్రం, దాని వీపు మీద సవారీ చేసే చింపిరి అనే కోతి కూడా అక్కడే ఉండేవి. చింపిరి పిల్లగా ఉన్నప్పుడు చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, రాగి మోసి బతికించింది. కాలు నయమైనా చింపిరి ఆ వీపును వదల్లేదు. అది దూరం చూసి దారి చెప్పేది. రాగి ఎదురుమాట లేకుండా నడిచేది.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. ఏరూ వాగులూ ఎండిపోయాయి. అడవిలోని పెద్ద కుంట నడుమ మాత్రం కాసిని నీళ్లు మెరుస్తున్నాయి. నాలుకలు పిడచకట్టిన జంతువులన్నీ గట్టు మీద చేరాయి.

రాగి ఒక కాలు ముందుకు వేసి వెనక్కి తీసుకుంది. "చింపిరీ, పైన బురద ఎండి పెచ్చు కట్టింది కానీ అడుగున ఊబి ఉన్నట్టుంది. చుట్టూ తిరిగి కొండ ఊటకు పోదాం."

"నిజమే. ఊట దూరమైనా ప్రాణం దక్కుతుంది," అంది ముసలి దుప్పి.

నెమలి కిసుక్కున నవ్వింది. "రౌతు కొద్దీ గుర్రమంటారు. ఇక్కడేమో గుర్రం కొద్దీ రౌతా!"

చింపిరికి తల కొట్టేసినట్టయింది. "రాగీ, నిన్న నువ్వు మేస్తుంటే నేను అక్కడిదాకా వెళ్లి చూశాను. నేల రాయిలా ఉంది. పద!" అంది.

అది వెళ్లనూ లేదు, చూడనూ లేదు.

"నువ్వు చూశానంటే చాలు," అని రాగి నడిచింది.

సగం దూరం పోకముందే పెచ్చు విరిగింది. రాగి పొట్ట దాకా దిగబడింది. తేలిక ఒళ్లు కాబట్టి చింపిరి పక్కకు దూకి నిలదొక్కుకుంది.

"గట్టి నేల ఎటుంది, చింపిరీ?"

"ముందుకే... ఇంకొంచెం," అంది చింపిరి. మళ్లీ అబద్ధమే. రాగి ముందుకు తన్నుకుంది. మెడ దాకా దిగబడింది. గట్టు మీది జంతువులు గోల పెట్టాయే గాని, ఏదీ దగ్గరికి రాలేకపోయింది. చింపిరి రెండు చేతులా బురద తోడింది. తోడిన చోటే మళ్లీ నిండింది.

"ఇంకెంత దూరం?" కోతి కళ్లలోకే చూస్తూ అడిగింది రాగి.

చింపిరి భోరుమంది. "నాకు తెలియదు. నేనసలు చూడలేదు, రాగీ!"

రాగి తన్నుకోవడం మానేసింది. బురద దాని మీద మూసుకుపోయింది.

ముసలి దుప్పి వెంట జంతువులన్నీ కొండ ఊటకు వెళ్లి, కడుపారా నీళ్లు తాగి బతికాయి. నెమలి కూడా తలొంచుకుని వెళ్లింది. చింపిరిని ఎవరూ తిట్టలేదు. రమ్మని పిలిస్తే మాత్రం అది కదల్లేదు. మూసుకుపోయిన బురదను గోళ్లతో గీరుతూ అక్కడే ఉండిపోయింది.

నీతి: మనల్ని నమ్మినవారు మన మాట మీద ప్రాణం పెడతారు. పరువు కోసం వారితో అబద్ధమాడితే, ఆ తర్వాత చెప్పే నిజం వారిని బతికించలేదు.