ఇసుక దేశంలో చదివొచ్చిన సూదమ్మ

అనగనగా ఒక రాళ్ళ అడవి. ఆ అడవిలో సూదమ్మ అనే ముళ్ళపంది ఉండేది. బొరియలు తవ్వే విద్య నేర్చుకుందామని కొండలు దాటి ఇసుక దేశం వెళ్ళింది. చదువు ముగించుకుని, అరికాళ్ళు పగిలి, ఒళ్ళు హూనమై తిరిగొచ్చింది.

మొదట కుందేళ్ళ దగ్గర పని అడిగింది. నీకేం వచ్చని అడిగాయవి. ఇసుక తవ్వడం వచ్చంది సూదమ్మ. ఇక్కడ ఇసుకెక్కడుందని నవ్వి పంపేశాయి. తర్వాత అడవిపందుల దగ్గరికెళ్ళింది. అక్కడా అదే ప్రశ్న, అదే జవాబు. ఇంకెవరినీ అడిగే ఓపిక లేక, కొండగుహలో ఓ మూల ముడుచుకుని పడుకుంది. పోయొచ్చిందంతా దండగ అనుకుంది.

ఆ సాయంత్రం జడివాన పట్టుకుంది. వాగు పొంగింది. తడిసిన జంతువులన్నీ గుహలోకి తోసుకొచ్చాయి. చోటు కోసం గొడవ మొదలైంది. దుప్పి కొమ్ములు దించింది. అడవిపంది కోరలు చూపించింది. గుహలో పెద్దదైన ఎలుగుబంటి అరిచినా ఎవరూ వినలేదు.

సూదమ్మకు లేవాలని లేదు. తనను వద్దన్నవాళ్ళేగా వీళ్ళు. కళ్ళు మూసుకుంది. ఇంతలో కాళ్ళ కింద నలిగి ఓ కుందేలు పిల్ల కీచుమంది.

సూదమ్మ నిట్టూర్చి లేచింది. ముందు తన ముళ్ళను ఒంటికి అణుచుకుంది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఏం కావాలని అడిగింది. చెప్పిందంతా విన్నది. దుప్పికి లోపల ఊపిరాడదట. అడవిపందికి కాలు బెణికిందట. కుందేలు పిల్లలకు చలి. దుప్పిని గాలి తగిలేలా గుహ వాకిట్లో నిలబెట్టింది. అడవిపందిని గోడవారన పడుకోబెట్టింది. పిల్లల్ని ఎలుగుబంటి బొచ్చులోకి చేర్చింది. గొడవ సద్దుమణిగింది.

"ఈ విద్య ఎక్కడ నేర్చావమ్మా?" అంది ఎలుగుబంటి మెల్లగా.

"ఇది విద్యేమిటి తాతా? అక్కడ నా భాష ఎవరికీ రాదు. ఒకే బొరియలో నక్కతో, ఉడుముతో సర్దుకుని ఉండేదాన్ని. ముళ్ళు దించుకుని, ఎదుటివాళ్ళు చెప్పేది వినకపోతే రోజు గడిచేది కాదు. ఇక్కడికొచ్చి పని అడిగితే మాత్రం ఇసుక తవ్వడమే వచ్చని చెప్పాను."

"మరి పని అడిగినప్పుడు ఇది చెప్పలేదేం?"

"ఇదీ చదువేనని నాకే తెలియలేదు తాతా" అంది సూదమ్మ.

వానాకాలమంతా గుహ బాధ్యత నువ్వే చూడమంది ఎలుగుబంటి. కుందేళ్ళు, అడవిపందులు తలూపాయి. రేపటి నుంచి చూస్తానని చెప్పి, సూదమ్మ ఉన్నచోటే ఒరిగి నిద్రపోయింది.

నీతి: పరాయిచోట నలుగురితో మెలగడం నేర్చుకోవడమూ చదువే, దాన్ని ముందు మనం గుర్తిస్తేనే ఇతరులకు చెప్పగలం.