చెయ్యి ముడవని బుల్లిబండి

అనగనగా ఒక ఊళ్ళో కాదే తల్లీ, అసలు ఊరన్నదే లేని ఎర్రటి గ్రహం మీద ఒక బుల్లిబండి ఉండేది. దానికి ఆరు చక్రాలు, ఒక పొడుగాటి చెయ్యి. రాయి కనబడితే చాలు, చెయ్యి చాచి తడిమి చూసేది. అచ్చం నువ్వే!

అక్కడ చలంటే మామూలు చలి కాదు. కీళ్ళలో నూనె కూడా గడ్డకట్టేస్తుంది. అందుకని ఆ కీళ్ళ దగ్గర బుల్లి బుల్లి హీటర్లు పెట్టారు. అవి వెలిగితేనే చెయ్యి కదులుతుంది.

ఒకరోజు బండి రాయిని తడుముతూ ఉండగానే చలికాలం ముంచుకొచ్చింది. చాచిన చెయ్యి చాచినట్టే బిగుసుకుపోయింది. ముడవకుండా నడిస్తే విరిగిపోతుంది. దానికి ఎండే తిండి. నడిచి ఎండ పడే కొండవాలుకి చేరకపోతే, బండి ఇంక ఎప్పటికీ లేవదు. పాపం కదూ!

ఇక్కడ భూమ్మీద దాన్ని నడిపే ఆవిడ పేరు నూకరత్నం. అనకాపల్లి పిల్ల. ఆవిడ ఒక మాట పంపితే, అది బండికి చేరేసరికి మనింట్లో అన్నం ఉడికిపోతుంది. అంత దూరం.

నూకరత్నానికి తొందరెక్కువ. మొదటిరోజు అక్కడ తెల్లవారకముందే హీటర్లు వెలిగించింది. చలిగాలి ఆ వేడినంతా తినేసింది. భుజం కాస్త కదిలి ఆగిపోయింది.

ఆ తర్వాత రెండోరోజు ఇంకా ముందే వెలిగించింది. మోచెయ్యి కిర్రుమంది, అంతే. బ్యాటరీలో ఇంక ఒక్కసారికి సరిపడా ఛార్జే మిగిలింది. నూకరత్నం ఏడ్చుకుంటూ ఇంటికెళ్ళింది.

అప్పుడు పెరట్లో వాళ్ళమ్మ, చంటి మనవరాలి స్నానానికి గంగాళంతో నీళ్ళు ఎండలో పెట్టి కూర్చుంది.

"ఇంకా పొయ్యి రాజెయ్యలేదేంటమ్మా?" అని విసుక్కుంది నూకరత్నం.

"ఎండ సగం ఏడి సేసిపెడతంటే పుల్లలు తగలెయ్యడం దేనికే? సూరీడి పని సూరీడు సేసినాక, మిగిలింది నేను సూసుకుంటాను" అంది తల్లి.

నూకరత్నం ఏడుపు ఆగిపోయింది. పిల్లకో ముద్దు పెట్టి, ఆఫీసుకి పరుగో పరుగు.

మూడోరోజు అక్కడ తెల్లారింది. నూకరత్నం హీటర్లు వెలిగించలేదు. పక్కవాళ్ళు "ఇంకెప్పుడు, ఇంకెప్పుడు" అని ఒకటే గోల. ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుంది. తొందరమనిషికి అదెంత కష్టమో నీకు తెలియదూ? ఎండ ముందు చక్రాల మీద పడింది, అప్పుడు భుజం మీద, ఆ తర్వాత మోచేతి మీద. సూర్యుడు నడినెత్తికొచ్చాక, హీటర్లు కాసేపంటే కాసేపే వెలిగాయి.

అన్నం ఉడికేంత సేపు అందరూ ఊపిరి బిగబట్టారు. అప్పుడు కబురొచ్చింది. భుజం కదిలింది, మోచెయ్యి వంగింది, మణికట్టు తిరిగింది. చెయ్యి బుద్ధిగా ముడుచుకుంది! నూకరత్నం కుర్చీలోంచి లేచి గంతులేసింది. బండి గునగునా నడిచి కొండవాలుకి చేరి, చలికాలమంతా ఎండలో హాయిగా కూర్చుంది.

చలి పోగానే అది మొట్టమొదట ఏం చేసిందో తెలుసా? చెయ్యి చాచి ఇంకో రాయిని తడిమింది. బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇదిగో, నువ్వూ చెయ్యి ముడుచుకో మరి.

బండి ఎండకి,
కథ కంచికి,
చిట్టి పాదాలు దుప్పట్లోకి!